పద్దెనిమిది పొరల పలక

బావగారికి,

మీరు పారేయమన్న ముక్క నా దగ్గర భద్రంగా ఉంది. హెలికాప్టర్ సీటు కింద తూటాల్ని ఆపడానికి బిగించే ప్రతి పలక నుంచీ అంచు ముక్క కోసి, నంబరేసి దాచడం మన ఫ్యాక్టరీ పద్ధతి కదా. ఇది హెలికాప్టర్ నడిపిన మా తమ్ముడి సీటు పలకది. ఇరవై నాలుగు పొరలు ఉండాల్సిన చోట పద్దెనిమిదే ఉన్నాయి.

“బరువు తగ్గితేనే ఆర్డరు మనకొస్తుంది. నోర్మూసుకుని అతికించు” అన్నారు మీరు. అతికించాను. తూటా ఆగలేదు. వాడి శవం మీద పడి మీరే అందరికన్నా గట్టిగా ఏడ్చారు.

సోమవారం విచారణలో పలక గట్టిదేనని మీరు ఒట్టేసి చెబుతారని తెలుసు. చెప్పండి. అప్పుడు అలాంటి పలకే ఛాతీకి కట్టుకుని తూటాలతో పలకల్ని పరీక్షించే గోడ ముందు నిలబడమంటాను.

తుపాకీ పేల్చడానికి అక్క ఒప్పుకుంది.

— మీ మరదలు