మాటల్లేని గడి

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నా ఉద్యోగం క్షేమమో కాదో సోమవారం తేలుతుంది. నీ ఓడ, నీ ఇంజను గది, నీ నడుంనొప్పి ఎలా ఉన్నాయో రాయి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలు ఫరవాలేదు. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి పనిగట్టుకుని రోజుకు రెండుసార్లు ఎక్కుతోంది. నేను గీసే కామిక్ పుస్తకం కార్టూన్ సీరియల్ అవుతోందన్న మాట నిజమే. అద్భుత శక్తులున్న అయిదుగురు పదిహేనేళ్ళ పిల్లలు, పన్నెండేళ్ళుగా కాగితం మీద నగరాన్ని కాపాడుతున్నవాళ్ళు, ఇక టీవీలో పరుగెత్తుతారు. అయిదోవాణ్ణి ఎలా చూపిస్తున్నారని అడిగావు. గొడవంతా వాడితోనే.

వాడి పేరు నిదానం. వాడు "ఆగు" అంటే కూలుతున్న వంతెన కూడా ఆగుతుంది. కాకపోతే వాడికి నత్తి, ఆ మాట నోట్లోంచి రావడానికి కాస్త సేపు పడుతుంది. నత్తిని చూపించడానికి అక్షరాలను ముక్కలు చేసి రాస్తే నాకు ఒళ్ళుమంట. అందుకే వాడి మాటకు ముందు మాటల్లేని గడి ఒకటి గీస్తాను. అందులో మిగతా నలుగురూ వంతెనను భుజాలతో మోస్తూ వాడి వైపే చూస్తుంటారు, అంతే.

మొన్న సీరియల్ దర్శకుడు ఆ వంతెన ఘట్టం తెర మీద వేసి చూపించాడు. నిదానం గడగడా మాట్లాడేస్తున్నాడు.

"వీడి నత్తి ఏమైంది?" అన్నాను.

"తీసేశామండీ. ఆ ఒక్క గడికే నాలుగు సెకన్లు పోతున్నాయి. అంతసేపు ఎవరూ మాట్లాడకపోతే పిల్లలు చానల్ మార్చేస్తారు."

"పుస్తకంలో పిల్లలెవరూ ఆ పేజీ దాటేయలేదే!"

"పోనీ, మొదట్లో నత్తి ఉంచుదాం. ఆఖరి భాగంలో నయం చేసేద్దాం. అందరూ చప్పట్లు కొడతారు."

"వాడికేం రోగం వచ్చిందని నయం చేస్తారు?"

"అయినా కూలిపోయే వంతెన అంతసేపు ఆగుతుందా అండీ?"

"ఆ నలుగురూ ఉన్నదెందుకు మరి? వాడి మాట వచ్చేదాకా మోయడానికే!"

ఆయన నవ్వు ఆగిపోయింది. మార్పుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే సీరియలూ లేదు, స్టూడియోలో నా కుర్చీ కూడా లేదన్నాడు. సోమవారం దాకా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికేముంది? పెట్టనని అక్కడే చెప్పేశాను. కాస్త గట్టిగానే చెప్పాను. గొంతు బొంగురుపోతే అమ్మతో జలుబన్నాను, నువ్వూ అదే అను.

ఇప్పుడు అసలు సంగతి. నిదానం నువ్వేరా. నువ్వు ఎప్పుడో కనిపెట్టే ఉంటావు, పైకి అనలేదు. నిన్ను అడక్కుండా గీయడం నా తప్పు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. నీ పదిహేనో ఏట బడి నాటకంలో రాజు వేషం నీకిస్తానన్న లెక్కల మాస్టారు చివరికి ఇంకొకడికి ఇచ్చాడని నెలరోజులు ఆయన ముఖం చూడలేదు నువ్వు. ఆయన మాట తప్పలేదు. మనింటికొచ్చి, "వాడెంతసేపు తీసుకున్నా పరవాలేదమ్మా, మిగతా పిల్లల్ని ఆగమంటాను" అన్నాడు. నువ్వు పెరట్లో సైకిలు కడుగుతున్నావు. "వాడికి ఇష్టం లేదు సార్" అని ఆయన్ని గుమ్మంలోంచే పంపేశాను. జనం నవ్వుతారని భయం. నిన్ను చూసి కూడా కాదు, నీ అక్కనని నన్ను చూసి నవ్వుతారని. ఆ సిగ్గుతోనే ఇన్నేళ్ళుగా ఆ గడి గీస్తున్నాను.

కాబట్టి ఈసారి నీ తరఫున మాట్లాడను. సంతకం పెట్టనన్నది నా మాట. సోమవారం కూడా అదే అంటాను, ఉద్యోగం పోతే పోనీ. కానీ నిదానం నీవాడు. వాడు అసలు ఉండొద్దనుకుంటే చెప్పు, నా చేత్తోనే చెరిపేస్తాను. వాళ్ళు చెరిపితే మాత్రం ఊరుకునేది లేదు.

నన్ను తిట్టాలని ఉంటుంది. తిట్టాల్సిందే. ఉత్తరంలో మాత్రం వద్దు. సెలవుకు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని నోటితోనే తిట్టు. ఎంతసేపు పట్టినా సరే, మధ్యలో మాట అందుకోను.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
అక్క