గేటు దగ్గరి పగిలిన రాయి

రక్తాక్షి నామ సంవత్సరం వైశాఖ మాసం, అనగా 1984 మే 5వ తేదీ శనివారం నాడు, ఆళ్లగడ్డ కాపురస్తుడను, రాతి విగ్రహాల పని చేయించు కంబగిరి ఆచారిని, వయస్సు అరవై ఒకటి, నంద్యాలలో దస్తావేజు లేఖరి చెన్నకేశవులు ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పి రాయించిన వీలునామా.

నా మతి స్థిమితంగానే ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. భయం మాత్రం ఉంది, దాన్ని దాచను. సోమవారం కర్నూలు పెద్దాసుపత్రిలో నా కడుపు కోస్తారు. అంతకన్నా నాకు గురువారం భయం. ఆ రోజు కొలిమిగుండ్ల దగ్గర ఒక పల్లెలో, మా కొట్టంలో చెక్కిన ఏడడుగుల ఆంజనేయస్వామిని గొలుసులతో ఎత్తి పీఠం మీద నిలబెడతారు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. ఆ రాయిలో నెర్రె ఉందని నాకు అనుమానం. ఉందో లేదో మా పనివాళ్లలో ఒకడికి తెలుసు. వాడు నోరు విప్పడం లేదు. విప్పకుండా చేసింది నేనే.

1. ఆళ్లగడ్డలో నేను కట్టించిన ఇల్లు, అందులోని సామాను నా భార్య రామేశ్వరమ్మకు చెందాలి. ఆమె పూజ గూట్లో ఉన్న జానెడు అమ్మవారి బొమ్మ కూడా ఆమెదే. పెళ్లయిన ఏడాది అది ప్రేమతో చెక్కి ఇచ్చానని ముప్పై ఏళ్లుగా ఆమె అందరికీ చెబుతోంది. నిజం ఇప్పుడు చెబుతున్నాను. అది ఒక పెద్ద విగ్రహానికని తెచ్చిన రాయి. నా సుత్తి దెబ్బకే పగిలింది. మిగిలిన ముక్కలో ఆ బొమ్మ చెక్కి, కానుక అని ఇచ్చాను. రామేశ్వరీ, ప్రేమ అబద్ధం కాదు.

2. కొట్టం, స్థలం, రాళ్లు, పనిముట్లు నా కుమారుడు మౌనేశ్వరాచారికి చెందుతాయి. అయితే దానితో పాటు పనివాళ్లను ఎలా చూసుకోవాలో కూడా రాస్తున్నాను. అది పాటించకపోతే కొట్టం అతని తల్లి పేరన ఉండాలి.

నాకు పని నేర్పిన గురువు, పేరు రాయించను, తప్పు జరిగితే సుత్తి పిడితో వేళ్ల మీద కొట్టేవాడు. చచ్చినా ఆయన్ని నేను క్షమించలేదు. నా కొట్టంలో ఎవరి మీదా చెయ్యి ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను, నిలబెట్టుకున్నాను. కానీ ఐదేళ్ల కింద ఒకే నెలలో మూడు రాళ్లు పగిలాయి. అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. రాయి పగలగొట్టినవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు బయట, రోడ్డు పక్కన, ఆ ముక్క ముందు పెట్టుకుని కూర్చోవాలి. కూలి కోయను, తిట్టను. ఊరికే కూర్చోవాలి. అహోబిలం పోయే జీపులూ బస్సులూ అటే పోతాయి.

మొదటి ఏడాది కొందరు కూర్చున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్క రాయి కూడా పగల్లేదు. మనుషులతో పని చేయించడం నన్ను చూసి నేర్చుకోమని నంద్యాల బజారులో బట్టల మాధవయ్యతో గొప్పలు పోయాను. వేళ్ల మీద దెబ్బ వారంలో మానుతుంది. గేటు దగ్గర కూర్చున్న రోజు మానదని నాకు తెలియలేదు.

పోయిన నెల కొట్టంలో ఒక చిన్న నందిని సుత్తితో తట్టి చూశాను. మంచి రాయి గంటలా మోగుతుంది. అది మోగలేదు. గోటితో గీకితే, నెర్రె కనపడకుండా లక్కలో కలిపి పూడ్చిన రాతిపొడి రాలింది. అందరినీ నిలబెట్టి అడిగాను. ఎవరూ పలకలేదు. చివరికి, నీళ్లు పోసి విగ్రహాలకు నునుపు పెట్టే ఎర్రమ్మ అంది: “చెప్తే గేటు కాడ కూసోబెడ్తావు గదప్పా. యెవురు చెప్తారు?”

ఏ విగ్రహమైనా కొట్టం దాటే ముందు నేనే తట్టి పంపేవాణ్ణి. ఆంజనేయస్వామి బండెక్కిన రోజు నేను మంచం మీద ఉన్నాను. ఇప్పుడు ప్రతిష్ఠకు ముందు చేసే అధివాసానికి స్వామిని ధాన్యంలో పడుకోబెట్టారు, ఎవరినీ తట్టనివ్వరు. నా అనుమానం మీద ప్రతిష్ఠ ఆపమంటే ఊరు ఒప్పుకోదు. చేసినవాడి నోటి మాట కావాలి.

కనుక మౌనేశా, గేటు పద్ధతి నేటితో రద్దు. ఇకమీదట నెర్రె ఉందని వచ్చి చెప్పినవాడు ఆ పూట మన ఇంట్లో, నీ పక్కన కూర్చుని అన్నం తినాలి. ఇంకొకటి. విగ్రహానికి చివర్న కంటిపాపలు దిద్ది కళ్లు తెరిచే పని ఇన్నేళ్లూ నేనే చేశాను. నెలల తరబడి చెక్కినవాడు దూరంగా నిలబడి చూసేవాడు. ఇకనుంచి చెక్కినవాడే కళ్లు తెరవాలి.

3. జకరయ్యకు నా సైకిలు. అతను మూడుసార్లు గేటు దగ్గర కూర్చున్నాడు. మూడోసారి అతని కూతురు బడికి పోతూ తండ్రిని చూసి, చూడనట్టు తల తిప్పుకుని పోయింది. నేను లోపలి నుంచి చూశాను. చూసి కూడా అతన్ని లేపలేదు. ఆ పాపానికి సైకిలు చాలదు.

4. ఎర్రమ్మకు నా ఉన్ని శాలువా. ఆమె కూర్చునే చోట రేకుల నీడ వేయించాలి. పదేళ్లుగా అడుగుతోంది.

5. విగ్రహాలకు కళ్లు తెరవడానికి నేను వాడిన వెండి ఉలి, బుధవారం లోపల ఆంజనేయస్వామి రాయి సంగతి చెప్పినవాడికి. వాడెవడైనా సరే. వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు.

6. లక్ష్మన్నకు ఏమీ రాయడం లేదు. ఇరవై రెండేళ్లుగా నా దగ్గర పెద్ద పనివాడు. ఒక్కనాడూ గేటు దగ్గర కూర్చోలేదు. అతన్ని చూసి నేర్చుకోండిరా అని ప్రతివాడికీ చెప్పాను. నాకు అనుమానం లేని మనిషి అతనొక్కడే కాబట్టి సాక్షిగా పిలుచుకున్నాను. సాక్షికి ఆస్తి రాస్తే రేపు పేచీ వస్తుందని చెన్నకేశవులు అన్నాడు. ఈ కాగితంలోని సంగతి అతనే కొట్టంలో అందరికీ చెప్పాలి. అతని మాట వింటారు.

7. దీన్ని అమలు చేయించే బాధ్యత రిటైర్డు పంతులు జ్ఞానప్రకాశం గారిది. నేను సోమవారం బతికినా, రెండో అంశంలోని పనివాళ్ల పద్ధతి, ఐదో అంశంలోని ఉలి మాట మాత్రం ఈ రోజు నుంచే అమలు.

ఇది నేను చెప్పగా రాసినది, సాక్షులిద్దరికీ చదివి వినిపించినది.

(సంతకం) కంబగిరి ఆచారి
నంద్యాల, 5-5-1984

సాక్షులు:
1. (సంతకం) జ్ఞానప్రకాశం, ఆళ్లగడ్డ
2. లక్ష్మన్న, ఆళ్లగడ్డ

రెండో సాక్షి వేలిముద్ర వేయకముందు చెప్పిన మాటను, ఆచారి రాయమన్నందున, లేఖరినైన నేను ఉన్నదున్నట్టు రాశాను:

“ఎడం కాలు, మడమ పైన మూడు వేళ్ల మేర నెర్రె ఉండాది. నేనే లక్క పెట్టినా. లక్ష్మన్న ఒక్కనాడూ గేటు కాడ కూసోలేదని ఆచారి అందరికీ చెప్పుకుంటాంటే, యా మొగం పెట్టుకోని చెప్పేది? ఉలి నాకొద్దు. ఆ ఊరికి నేనే పోయి, అందరి ముందర చెప్తా. బేగా పోవాల.”

ఆచారి కర్నూలు ప్రయాణానికి తెచ్చుకున్న సంచి చంకన పెట్టుకుని, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల పోయే బస్సు ఎన్నింటికని నన్ను అడిగి, లక్ష్మన్న వేలిముద్ర వేయగానే అతనితో కలిసి అరుగు దిగాడు.

(వేలిముద్ర) లక్ష్మన్న
రాసినవాడు: చెన్నకేశవులు