లైనింగుకి వదలని కొలత

మెడలో టేపు లేనిదే గుమ్మం దాటని నా దర్జీకి,

మీ చెల్లెలు కర్ర లేకుండా నాలుగడుగులు వేసిందని నిన్న ఫోన్‌లో చెప్పావు. నేను చెప్పాలనుకున్నది అప్పుడే చెప్పాల్సింది. నువ్వు "ఊఁ, ఇంకేంటి" అంటే నాకు మాట పెగలదు. అందుకే కాగితం తీశాను.

ముందు వ్యాను సంగతి. బేకరీ మూసేసినప్పుడు యజమాని ఆ బండిని పాత ఇనుము ధరకి నాకిస్తే, "ఇరవై ఆరేళ్లు నడిపింది చాలక ఇంటికి కూడా తెచ్చారా?" అన్నావు. ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. నువ్వు చెల్లెల్ని చూసుకోవడానికి వెళ్లిన ఈ పద్దెనిమిది రోజుల్లో తుప్పు గీకి రంగు వేశాను. రేకు గోడలకి లోపల చెక్క పట్టీలు కొట్టి, వాటి మధ్య ఫోమ్ షీట్లు నింపాం. ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన పారేసిన తలుపుల్లోంచి తీసినవే. వాటి మీద ప్లైవుడ్డు. బన్నుల ట్రేలు పెట్టే అరలనే కోసి అల్మారా చేశాం. ఎన్నిసార్లు కడిగినా తలుపు తీస్తే బేకరీ వాసనే. ఒంటి పొయ్యి ఒకటి, ఇరవై లీటర్ల క్యానుకి కుళాయి, కింద బకెట్టు. వడ్రంగం అంతా మీ తమ్ముడిది. తప్పు మాత్రం నాది.

మంచం వ్యానుకి అడ్డంగా వేయాలనుకున్నాం. నువ్వు ఊరెళ్లకముందే, ఖాళీ బండిలో, ఈ రేకు నుంచి ఆ రేకుకి టేపు పట్టాను. అయిదడుగుల పది అంగుళాలు. నా ఎత్తు అయిదడుగుల ఎనిమిది. సరిపోతుందని రాసుకున్నాను. పట్టీలూ ప్లైవుడ్డూ ఎక్కాక ఒక్కో పక్క రెండేసి అంగుళాలు తినేశాయి. మొన్న బల్ల బిగించి పడుకుంటే తల ఒక గోడకి తగిలింది, పాదాలు ఇంకో గోడకి. మీ తమ్ముడు నవ్వాపుకోలేకపోయాడు.

"బావా, ఈ బండిలో నువ్వు నిలబడే నిద్రపోవాలి."

"ఎగతాళి చాల్లే. పొడుగ్గా తిప్పి వేద్దాం."

"తిప్పితే పక్క తలుపు మూసుకుపోతుంది. అయినా ఇదేంటి బావా, రెండున్నర అడుగుల వెడల్పు? మా అక్కని టాపు మీద ఎక్కిస్తావా?"

నేను జవాబు చెప్పలేదు. అతను నవ్వడం ఆపేశాడు. స్క్రూలు డబ్బాలో వేసుకుని, "రేపొస్తాలే" అని వెళ్లాడు. ఇంకా రాలేదు.

ఆ జవాబు నీకు రాస్తున్నాను. మంచం ఒక్కడికే వేయించాను. నువ్వు తిరిగొచ్చే ముందురోజు బయల్దేరి వెళ్లిపోవాలనుకున్నాను. ముందు సముద్రం దాకా, ఆ తర్వాత ఎటైనా. మళ్లీ ఎప్పుడు రావాలో అనుకోలేదు.

నేను మూడింటికల్లా లేచి బండి తీయాలి, నువ్వు పొద్దుపోయేదాకా మిషను మీద కూర్చోవాలి. అందుకే పదకొండేళ్ల కిందట నీ పక్క కుట్టుగదిలోకి మారింది. ఒకరి నిద్ర ఒకరు చెడగొట్టుకోకూడదని ఇద్దరం అనుకునే చేశాం. కానీ బేకరీ మూసి ఎనిమిది నెలలైంది. ఇక నేను మూడింటికి లేవక్కర్లేదు. మొదటి వారమంతా మంచం మీద రెండో దిండు వేసి ఉంచాను. నువ్వు రాలేదు. ఎనిమిదో రోజు దిండు తీసి బీరువాలో పెట్టాను. నేను లేకపోవడం నీకు అలవాటైపోయిందనుకున్నాను. అడిగి లేదనిపించుకోవడం కంటే అడక్కుండా వెళ్లిపోవడం తేలికనిపించింది.

మీ తమ్ముడి మొహం చూశాక అది తేలిక పని కాదని తెలిసింది. బండి ఇస్తారా అని కొరియర్ ఆఫీసు అతను రెండుసార్లు అడిగాడు. అమ్మేయమంటే అమ్మేస్తాను. వెళ్లమంటే వెళ్తాను. నువ్వే చెప్పు.

పరుపు కవరుకి నేనిచ్చిన కొలత ఇప్పుడు పనికిరాదు. కుట్టకు.

నీ
బన్నుల వ్యాను డ్రైవరు

*

నోటితో చెప్పాల్సింది దిండుతో చెప్పే ఆయనకి,

ఉత్తరం అందింది. చెల్లెలి ముందు చదవలేక డాబా మీదికెళ్లి చదివాను. రెండుసార్లు.

మీ రహస్యం నాకు కొత్తది కాదు. నేను బయల్దేరే ముందురోజు చీటీ ఇచ్చారు. పరుపు కవరు, పొడవు అయిదడుగుల పది, వెడల్పు రెండున్నర. బట్ట కొలిచి బతికేదాన్ని. ఇద్దరు పట్టే పరుపేదో ఒక్కరు పట్టే పరుపేదో చీటీ చూస్తే తెలియదా? దాన్ని పర్సులో పెట్టుకునే బస్సెక్కాను. చెల్లెలికి నా అవసరం పది రోజులే. మిగతా రోజులు ఊరికే ఉన్నాను. ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు బండి లేకపోతే ఎలాగో తెలియక ఉన్నాను.

దిండు చూశాను. మెడనొప్పికి రెండూ మీరే పెట్టుకుంటున్నారనుకున్నాను. మనిషిని నోరు తెరిచి పిలవాలి గానీ దిండు వేసి పిలుస్తారా? సరే, నేనూ తక్కువదాన్ని కాను. బేకరీ మూసినప్పటి నుంచి ఎనిమిదింటికే మిషను ఆపేస్తున్నాను. చప్పుడు ఆగింది, ఇక రమ్మంటారని చూశాను. చప్పుడు ఆగిన సంగతి మీరు పట్టించుకోనే లేదు.

ఇక కొలత. ఇన్నేళ్లు దర్జీతో కాపురం చేసి, కోటుకి లైనింగు వేస్తే లోపల ఎంత తగ్గుతుందో తెలుసుకోలేదా? ఇంకో తప్పు కూడా చేశారు. నిలబడ్డ ఎత్తు చూసుకున్నారు. మీరు ఏనాడు కాళ్లు చాపుకుని పడుకున్నారు? కుడిపక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటారు. అలా కొలిస్తే నాలుగున్నర అడుగులు దాటరు. పొద్దున్నే టీ తెచ్చినప్పుడు రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ మంచం మీకు పొట్టిది కాదు. ఇరుకుది.

బండి అమ్మొద్దు. ఇక్కడికి తెచ్చుకున్న నా చేతి మిషను పెట్టుకోవడానికి అల్మారాలో ఒక అర ఖాళీ చేయండి. కోపం పోయిందనుకోవద్దు. చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నారు కదా, దాని గురించి నాకు చాలా అడగాలని ఉంది. సముద్రం దాకా దారి పొడుగునా అడుగుతాను.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. తమ్ముడికి ఫోన్ చేశాను, శనివారం స్క్రూలు పట్టుకుని వస్తాడు. వెంట తెచ్చుకుని ఇన్ని రోజులూ ముట్టుకోని బట్టని మీ ఉత్తరం చదివాక కత్తిరించాను. కవరు కుట్టడం కూడా అయిపోయింది. పొడవు అయిదున్నర, వెడల్పు నాలుగున్నర. బల్ల వెడల్పు చేయించండి. నేను కవరు తగ్గించను.

మీ
దర్జీ