పోయొస్తానన్న మనిషి

చింతామణి

నాగేశ్‌కు,

నువ్వు పంపిన డిటెక్టివ్ నిన్న వచ్చాడు. బాగేపల్లి బడిలో మీ అక్క ప్రతిమతో కలిసి పనిచేశానని, ఆమె పోయిందని తెలిసి పలకరించడానికి వచ్చానని చెప్పాడు. నల్లకోటేమీ లేదు, చేతిలో పాత హెల్మెట్. కాఫీ ఇచ్చాను. గడప దాటుతూ "పోయొస్తానప్పా" అన్నాడు. చావు జరిగిన ఇంట్లో మనవాళ్ళెవరూ ఆ మాట అనరు. "యాడోడప్పా వీడు? మళ్ళా ఎందుకు వస్తాడంట?" అంది మా అమ్మ. వీధిలోకి వెళ్ళి నిలదీస్తే నీ పేరు చెప్పాడు.

నేను ప్రతిమను కొట్టేవాణ్ణా అని పక్కింటి సుజాతమ్మను అడిగాడట.

నీకు అంతా హఠాత్తుగా జరిగినట్టే ఉంటుంది. మీ అక్కకు కాలేయంలో కేన్సర్. వేసవిలోనే తెలిసింది. "చైత్ర పెండ్లి అయ్యేదాకా వానికి చెప్పొద్దు. చెప్తే తన కూతురి పెండ్లి నిలిపేస్తాడు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. పెళ్ళిలో నీ పక్కన నిలబడి నవ్విందే, అది నొప్పి మాత్ర వేసుకుని నవ్విన నవ్వు. నీకెలా చెప్పాలో తర్వాత కూడా నాకు తెలియలేదు.

ఆ మనిషిని మళ్ళీ పంపకు. నువ్వే రా. అడగాల్సినవన్నీ నన్నే అడుగు. వెళ్ళేటప్పుడు మాత్రం ఏమీ చెప్పకుండా వెళ్ళు, మనవాళ్ళలాగే.

మీ బావ