పానా పట్టాకే చుక్క

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాయునది.

ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నామని మొదటి వరుసలో రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఎంత బాగున్నామో కింద చదివితే నీకే తెలుస్తుంది. నువ్వు బాగుండాలని మాత్రం నిజంగానే కోరుకుంటున్నాను.

ఆరేళ్ల తర్వాత ఉత్తరం రాశావు. కవరు మీద నీ కోడిగీతల రాత చూడగానే పని వదిలేసి కొట్టు గడప మీద కూర్చుండిపోయాను. పక్క కొట్టు దర్జీ బాబాయ్ కంగారుపడి, "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదు బాబాయ్, పోయినవాడు దొరికాడు" అన్నాను.

తీరా విప్పి చూస్తే ఏముంది? బేకరీ రొట్టెలు ఇంటింటికీ వేసే పని దొరికిందని, పాత మోటారు సైకిలు ఒకటి కొన్నానని, క్లచ్ నొక్కినా బండి ముందుకే లాగుతోందని, వైరు మార్చడం మర్చిపోయాను ఎలా బిగించాలో రాయమని. నా చెవిలో పువ్వులు పెట్టకు. కళ్లు మూసుకొని క్లచ్ వైరు ఎక్కించేవాడివి, నువ్వు మర్చిపోవడమేమిటి? ఇన్నేళ్ల తర్వాత రాయడానికి నీకో సాకు కావాల్సి వచ్చింది. సాకైతేనేం, అడిగావు కాబట్టి చెబుతాను.

నాన్న మోకాలు గురించి అడిగావు. వంగదు. మన మెకానిక్ కొట్టు ముందు స్టూలు మీద కాలు చాపుకొని కూర్చుంటాడు. ఎవరైనా తట్టుకొని పడబోతే, "చూసుకో నాయనా, ఇది మా అబ్బాయి పుణ్యం" అంటాడు. కొత్తగా వచ్చిన ప్రతి బేరానికీ ఆ కథ మొదటి నుంచీ వినిపించాల్సిందే. ఆయన చెబుతుంటే నేను పక్కనే కూర్చొని బోల్టులు బిగిస్తుంటాను. పిల్లి సంగతి కూడా అడిగావు. ముసలిదైంది, ఇంకా పాత టైర్లలోనే పడుకుంటోంది. ఈ కొట్టులో ఎవరి మీదా కోపం లేనిది అదొక్కటే.

ఇక వైరు సంగతి. గుండు ఉన్న కొసను లీవరులో కూర్చోబెట్టు. లీవరు దగ్గరి సర్దుబాటు స్క్రూను ముందు పూర్తిగా లోపలికి తిప్పెయ్యి. వైరు గొట్టాన్ని మెలిక పడకుండా చట్రం వెంట కిందికి తీసుకురా. సైలెన్సరుకు తగలనిచ్చావంటే కరిగిపోతుంది. ఇంజను దగ్గర కొసకు స్ప్రింగు తొడిగి, అక్కడున్న చిన్న ఇనప మీట రంధ్రంలోంచి వైరును బయటికి లాగి, బిగింపు నట్టులో దూర్చు. లాగి పట్టుకొనే ముందు నట్టును చేత్తో తిప్పాలి. లీవరు దగ్గర బియ్యపుగింజంత వదులు ఉండాలి. అసలు లేకపోతే క్లచ్ జారి లోపలి బిళ్లలు మాడిపోతాయి. ఎక్కువైతే ఇప్పుడు నీ బండిలాగే ఎంత నొక్కినా వదలదు. చిన్నాచితకా తేడా ఉంటే పైన స్క్రూతో సర్దుకో. ఆ తర్వాత నట్టుకు పానా పెట్టి గట్టిగా బిగించు. అన్నీ అయ్యాకే ఎర్రచుక్క.

ఇక్కడిదాకా రాసి పది రోజులు కలం పక్కన పెట్టేశాను.

మన కొట్టు పద్ధతి నీకు నేను చెప్పాలా? పానాతో బిగించినవాళ్లే నట్టు మీద గోళ్లరంగు చుక్క పెట్టాలి. చుక్క ఉన్న నట్టును ఇక ఎవరూ చూసుకోనక్కర్లేదు. "చుక్క పెట్టారంటే మాటిచ్చినట్టే" అని నాన్న మన ప్రాణాలు తోడేసేవాడు. నాన్న పడ్డ రోజు పొద్దున్న మూడు బళ్లకు వైర్లు ఎక్కించాను. సీసాలో రంగు గడ్డకడుతోంది. మూత తీసినప్పుడే పనైపోతుంది కదా అని ముందు మూడింటికీ చుక్కలు పెట్టేసి, తర్వాత పానా పట్టాను. రెండు బిగించాను. మూడోది నాన్న బండి. అంతలో ఎవరో పంక్చరంటూ వచ్చి తొందరపెడితే లేచి వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి నువ్వు నాన్న బండి లీవరు సర్ది, వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి, ఆయన చేతికి ఇచ్చేశావు. నువ్వు చుక్కను చూశావు, నమ్మావు. నమ్మడమే కదా మన పద్ధతి.

చేత్తో తిప్పిన నట్టు నీ ఒక్క చుట్టుకు ఆగింది. రైలు గేటు ముందు వాలులో ఆగలేదు. నాన్న క్లచ్ నొక్కేసరికి వైరు నట్టులోంచి జారిపోయింది, ఇంజను లాగుతూనే ఉంది, ఆయన మోకాలు వెళ్లి ఆగి ఉన్న లారీ వెనక భాగానికి గుద్దుకుంది.

నట్టు వదులుగా ఉందని తేలింది. చుక్క ఉంది కాబట్టి నేను బిగించినట్టే లెక్క. బిగించిన నట్టు వదులైందంటే తర్వాత చెయ్యి పెట్టినవాడు విప్పి ఉండాలి. అంటే నువ్వు. "నేను నట్టు ముట్టుకోలేదు నాన్నా" అని నువ్వు ఆస్పత్రి వరండాలో మొత్తుకుంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకొని నిలబడ్డాను. నాకు గుర్తొచ్చింది తమ్ముడూ. ఎప్పుడో తర్వాత కాదు, అప్పుడే, ఆ వరండాలోనే. పంక్చరు కోసం లేచినప్పుడు పానా ఎక్కడ పడేశానో కూడా గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు. నాన్నను ఇంటికి తెచ్చిన మర్నాడు నువ్వు సంచి సర్దుకుంటూ, "నువ్వైనా నమ్ముతావా అక్కా?" అని అడిగావు. "పోనీలేరా, ఆయన కోపం తగ్గాక మాట్లాడదాం" అన్నాను. అంతకంటే నీచమైన మాట ఈ జన్మలో నేను ఎవరితోనూ అనలేదు.

ఇంతటితో అయిపోయి ఉంటే ఈ ఉత్తరం ఇంకా తేలిగ్గా రాసేదాన్ని. నీకు పంపడానికి మంచి వైరు ఏదైనా ఉందేమోనని నాన్న రేకుపెట్టె వెతికాను. అడుగున నూనెగుడ్డలో చుట్టిన వైరు ఒకటి దొరికింది. కొస విడిపోకుండా నేను పెట్టిన టంకం చూసి గుర్తుపట్టాను, అది ఆ బండిదే. పానాతో బిగించిన వైరుకు నట్టు పట్టిన చోట పంటిగాటులాగా నొక్కు పడుతుంది కదా? తర్వాత ఎవరు విప్పినా ఆ నొక్కు పోదు. దీనికి నొక్కు లేదు. జారినప్పుడు గీసుకున్న సన్నటి గీత ఒక్కటే ఉంది. ఆ నట్టును ఎవరూ విప్పలేదు, అసలు ఎవరూ బిగించనే లేదు అని చెప్పడానికి ఆ వైరు చాలు. నలభై ఏళ్లు ఇదే పని చేసిన మనిషికి అది తెలియదా?

తీసుకెళ్లి ఆయన ఒళ్లో పడేశాను.

"ఇది ఎప్పుడు చూశావు నాన్నా?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే."

"వాడు వెళ్లింది ఆ మర్నాడు."

"తెలుసు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు ఒప్పేసుకుంటావు. ఒప్పుకున్నాక నేనేం చెయ్యను? నా కాలు పోయింది. వాడికి నిలకడ లేదు. కొట్టు నడపాల్సింది నువ్వు. ఆడపిల్ల బిగించిన నట్టు ఊడి కన్నతండ్రి కాలే పోయిందని ఒక్కడికి తెలిస్తే చాలు, షట్టరు దించుకోవాల్సిందే. వాడు మగాడు, ఎక్కడో ఓ చోట బతుకుతాడు."

ఒక బండికి నట్టు తక్కువైతే ఇంకో బండి నుంచి పీకి పెడతాం చూడు, అలా నిన్ను పీకి నన్ను నిలబెట్టాడు. నిజం చెప్పనా? ఆ మాట వినగానే నాకు కోపం రాలేదు. తప్పు నా ఒక్కదానిదే కాదని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పాలవాడు బండి తెచ్చాడు. నాన్న ఏమీ జరగనట్టు కాలు చూపించి, "ఇది మా అబ్బాయి పుణ్యం" అని మొదలుపెట్టాడు. "వాడు కాదు, నేను. బిగించకుండా చుక్క పెట్టాను" అన్నాను, వీధికంతా వినబడేలా. దర్జీ బాబాయ్ మిషను ఆగిపోయింది. పాలవాడు నన్ను చూశాడు, తన బండిని చూసుకున్నాడు. "మళ్లీ వస్తానమ్మా" అని బండి నడిపించుకుంటూ సందు చివరి కొట్టుకు పోయాడు. నాన్న "చూశావా?" అన్నాడు. అదే ఆఖరి మాట, వారం నుంచి నాతో మాట్లాడడం లేదు. ఆయన లెక్క తప్పు కాలేదు. ఈ వారంలో మన కొట్టుకు వచ్చినవి రెండే బళ్లు. రెండింటివాళ్లకీ నేనే ముందు నిజం చెప్పి, తర్వాత చెయ్యి వేశాను. ఒకతను ఉన్నాడు. ఒకతను వెళ్లిపోయాడు.

పార్సిల్లో రెండు వైర్లు పెట్టాను. కొత్తది నీ బండికి. పాతది నీ దగ్గరే ఉంచుకో, ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించు. ఇంటికి రమ్మని పిలవడానికి నాకు మొహం లేదు. క్షమించమని కూడా అడగను. అడిగితే నువ్వు వెంటనే సరే అంటావు, అంత చవగ్గా వదిలించుకోవడం నాకు ఇష్టం లేదు.

కొత్త వైరుకు బిగింపు నట్టు తొడిగే పంపుతున్నాను. దాని మీద చుక్క పెట్టలేదు. పానా నువ్వే పట్టు, ఆ తర్వాత చుక్క కూడా నువ్వే పెట్టుకో. నా చుక్కను మళ్లీ ఎప్పుడూ నమ్మకు.

ఇట్లు,
నువ్వు అడిగిన రోజున నోరు విప్పని
మీ అక్క