ఎడమ డోరు తెరుచుకునేంత షెడ్డు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, ప్రస్తుతం తార్నాకలో కాపురముంటూ, యూనివర్సిటీ స్టాఫ్ బస్సు నడుపుతున్న పరుశురాం అనే నేను, యాభై మూడేళ్ల వయసులో, నా తర్వాత కొట్టుకోబోయే వాళ్లందరికీ ముందుగానే రాసి ఇస్తున్న వీలునామా ఇది.

రేపు గురువారం నా గాల్‌బ్లాడరు తీసేస్తారు. అందులో చింతగింజంత రాయి ఉందట. చిన్న ఆపరేషనే అన్నాడు డాక్టరు. డాక్టర్ల చిన్న ఎంత ఉంటుందో నాకు తెలియదు గనుక నా ఆస్తిపాస్తుల సంగతి ఈ రోజే తేల్చేస్తున్నాను.

నాకు మతి స్థిరంగా ఉంది. డాక్టరు ఒప్పుకున్నాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు గానీ వాళ్లు డాక్టర్లు కారు. నన్ను ఎవరూ బెదిరించి గానీ, బుజ్జగించి గానీ, తాగించి గానీ ఇది రాయించలేదు. తాగించడం మాట అటుంచి, ఈ రాయి బయటపడ్డ నాటి నుంచి ఒక్క మిర్చి బజ్జీ కూడా పెట్టలేదు.

నా కూతురు సుప్రజ లా చదువుతోంది. వీలునామాలో జోకులు ఉంటే కోర్టు ఊరుకోదని నిన్న హెచ్చరించింది. జోకులు తీసేస్తే నా ఆస్తిలో మిగిలేది ఒక కారు, అదీ ముక్కలు ముక్కలుగా. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. సదరు సుప్రజనే ఈ వీలునామాకు అమలుదారుగా నియమిస్తున్నాను. అమలు చేసేటప్పుడు నవ్వు వస్తే పక్కకు వెళ్లి నవ్వి రావలెను.

1. ఇల్లు, దాని వెనక ఖాళీ స్థలం నా భార్య వాసంతికి ఇస్తున్నాను. ఈ ఇల్లు మొదటి నుంచీ ఆమె పేరు మీదనే ఉంది. అయినా ఇస్తున్నాను, ఇచ్చిన పేరు నాకుంటుంది.

2. తెల్ల అంబాసిడర్ కారు ఒకటి. దీని ఇంజిను వరండాలో, సీట్లు మేడ మీద, నాలుగు డోర్లు మంచాల కింద, బాడీ వెనక స్థలంలో తార్పాలిన్ కింద ఉన్నవి. అన్నీ ఒక చోటికి చేరితే అది కారు అవుతుంది. ఇది ఎవరికి చెందుతుందో చెప్పే ముందు ఎట్లా వచ్చిందో చెప్పాలి.

వాసంతిది కడప. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఉద్యోగం వచ్చి ఈ ఊరికి చేరింది. తార్నాకలో నా బస్సెక్కి డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చునేది. నేను ఇంటర్ తప్పినా యూనివర్సిటీలో చేరినవాణ్ణి, స్టీరింగ్ దగ్గర. ఆమె డిగ్రీ పాసై అదే యూనివర్సిటీకి నా వెనక కూర్చుని వచ్చేది. పెళ్లయినా అదే బస్సు, అదే సీటు. పాతికేళ్లు నా వెనక కూర్చుంది గానీ పక్కన కూర్చోలేదు. బస్సులో డ్రైవరు పక్కన సీటుండదు.

ఒకసారి ఆర్ట్స్ కాలేజీ ముందు మా బస్సుకు అడ్డంగా తెల్ల అంబాసిడర్ ఒకటి పోయింది. యూనివర్సిటీ బండే. ముందు సీట్లో ఎవరో ఆఫీసరు గారి భార్య. బస్సు ఖాళీ అయ్యాక వాసంతి నా భుజం వెనక నుంచి, "ఆ కార్లో ముందర సీట్లో కూర్చోని ఈ రోడ్డున ఒక్కసారి పోవాల" అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ కారే తర్వాత పనికిరాదని వేలానికి వస్తే నేను పాడుకుని తెచ్చాను.

తెచ్చింది తెచ్చినట్టే ఆమెను ఎక్కించుకుని తిప్పి ఉంటే ఈ వీలునామా అరపేజీలో అయిపోయేది. మొదట కొత్తదానిలా చేసి, తర్వాత ఎక్కిద్దాం అనుకున్నాను. విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. బిగించడం పదేళ్లు దాటినా జరుగుతూనే ఉంది.

3. నా పానాలు, జాకీలు, ఇంజిను లేపే చైన్ పుల్లీ, ఇవన్నీ మా డిపోలో తోటి డ్రైవరు నరేందర్‌కు ఇస్తున్నాను. ఎందుకంటే వాటిలో సగం ఇప్పటికే అతని ఇంట్లో ఉన్నవి. దీనికి ఒక షరతు. మా గేటు పక్కన అతను తెచ్చి పెట్టిన జీపు మూతి, మూతి మాత్రమే, మిగతా జీపు ఎక్కడుందో అతనికే తెలియదు, దాన్ని నా పదో రోజు లోపల తీసుకుపోవలెను. కారు బిగించుకోవడానికి వెనక స్థలంలో షెడ్డు వేద్దామని నేను మొదట అన్నప్పుడు ఈ నరేందరే నా చెవిలో ఊదాడు: "అన్నా, ఒక్క కారుకు కడితే ఒక్క కారే ఉంటది. పెద్దగ కట్టు, బండ్లు అవే వస్తయి." వచ్చింది జీపు మూతి.

4. నా బావమరిది రఘువీర్ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతాడు. షెడ్డు ఎంత ఉండాలో తేల్చడానికి ఇతన్ని పిలిచింది నేను కాదు, వాళ్ల అక్క. టేపు పట్టుకుని వచ్చాడు. నేను మొత్తం స్థలం కప్పేద్దామన్నాను. నాది చిన్న కోరిక కాదని నాకూ తెలుసు. కానీ మా నాయన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేశాడు. అక్కడికి రైలు లోపలికి వచ్చేది. నేను చూసిన మొదటి వర్క్‌షాపు అది. వర్క్‌షాపు అంటే బండి కన్నా చిన్నగా కూడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

రఘువీర్ కారు చుట్టూ తిరిగి, ముందు రెండడుగులు, వెనక నాలుగడుగులు, ఒక పక్క పనిబల్ల అని లెక్క వేసి, ఇరవై అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు చాలన్నాడు. "బావా, చోటు ఎక్కువైతే పని ఎక్కువ కాదప్పా, సామాను ఎక్కువైతాది" అన్నాడు. నా కారును సామాను అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మర్నాడు కారు హారన్ తీసి ఇంటి కాలింగ్ బెల్లుకు కలిపాను. అతను ప్లాను పట్టుకుని వచ్చి బెల్లు నొక్కాడు. ప్లాను మురికి కాలవలో పడింది, అతను పడలేదు, అది నా లోటు. సదరు హారన్‌ను, దాని వైరుతో సహా, రఘువీర్‌కు ఇస్తున్నాను. తన ఇంటికి పెట్టుకుంటే విద్యార్థులు తక్కువగా వస్తారు.

5. పక్కింటి పేరయ్య గారు రిటైరైన పెద్దమనిషి. ఆయనకు ఆదివారం ఉదయపు నిశ్శబ్దం ఇస్తున్నాను. ప్రతి ఆదివారం నేను సుత్తి ఎత్తగానే గోడ మీద తల పెట్టి, మనుషులు ఉండే చోటా ఇది అని అడిగేవారు. నేను బదులు చెప్పేలోపే చుట్టు తిరిగి మా గేట్లోంచి వచ్చి, టీ తాగి, నేను ఇంజిను కింద దూరితే టార్చి పట్టుకునేవారు. టార్చి చెయ్యి కదలకుండా పట్టే మనిషి తార్నాకలో ఇంకొకరు లేరు. నిశ్శబ్దం ఆయనకు నచ్చకపోతే టార్చి కూడా తీసుకోవచ్చు.

6. అమలుదారు సుప్రజకు నా ప్లాస్టిక్ బల్లి. రఘువీర్ టిఫిన్ డబ్బాలో, డిపో మేనేజరు రిజిస్టరులో, పేరయ్య గారి చెప్పులో, ఎక్కడ పెట్టినా పనిచేసిన బల్లి ఇది. సుప్రజ నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు దిండు మీద పెడితే, తీసి గౌను జేబులో వేసుకుని బడికి పోయింది. దాన్ని చూసి జడవని మనిషి ఆమె ఒక్కతే. జడ్జీల ముందు కూడా అట్లాగే నిలబడవలెను.

7. ఇక షెడ్డు. ఈ వీలునామాలో అసలు అంశం ఇదే, మిగతావి దీని చుట్టూ ఉన్న సామాను.

నేను నా మొండితనం వదల్లేదు. రెండు కార్లకు సరిపడా అని మేస్త్రిని పిలిపించి ముగ్గు పోయించాను. పునాది తవ్వే ముందు నేల మీద తెల్లగా గీస్తారే, ఆ ముగ్గు. పడమటి గీత బట్టలుతికే బండ దాకా పోయింది. వాసంతి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. గొడవ చేయలేదు. "షెడ్డు కడుతున్నారా, కారుకు గోరీ కడుతున్నారా, అది తేల్చి చెప్పండి" అని మాత్రం అంది. నేను తేల్చలేదు.

మర్నాడు చూస్తే పడమటి గీత మూడడుగులు లోపలికి వచ్చింది. వానకు జరిగిందేమో అనుకోవడానికి వాన పడలేదు. ఆమె ఆఫీసుకు పోయాక సున్నం తెచ్చి మళ్లీ బయటికి గీశాను. మళ్లీ లోపలికి వచ్చింది. మళ్లీ గీశాను. మేస్త్రి రోజూ గడ్డపార పట్టుకుని వచ్చి, ఏ గీత మీద తవ్వాలో తెలియక టీ తాగి పోయేవాడు. చివరికి వంగి చూశాను. లోపలి గీత మూలల్లో చిన్న చిన్న చుక్కలున్నవి. మేస్త్రి ముగ్గుకు చుక్కలుండవు. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వేసే చెయ్యి, అదే పిండి డబ్బాతో వెనక్కి వచ్చి నా పునాది దిద్ది పోతోంది. పాతికేళ్లు అందరినీ ఆడించిన నన్ను చుక్కల ముగ్గుతో ఆడించింది. నాకు కోపం రావాలి. గర్వంగా అనిపించింది.

పోయిన సోమవారం ఇంకో వింత జరిగింది. పడమటి గీత లోపలికి వచ్చింది, అది మామూలే. తూర్పు గీత బయటికి పోయింది, రెండున్నర అడుగులు. మూలల్లో చుక్కలున్నవి. తూర్పున, పేరయ్య గారి గోడకు ఆనుకుని ఉన్నది ఆమె మల్లెపాదు. ఆ పాదు మీద నేను ఒకసారి టైరు పెడితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు గీత ఆ పాదు మీదుగా పోయింది. అంగుళం అంగుళం కోసం నాతో కొట్లాడిన మనిషి తన చోటు తనే వదిలేసింది.

ఎందుకని అడిగాను. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఆ పక్క గోడ కడితే డోరు తెరుచుకోదు. నేనెట్ల ఎక్కేది?" అంది.

కారు ముక్కు దక్షిణానికి పెడితే ఎడమ డోరు తూర్పుకు వస్తుంది. నేను కొలిచాను, నరేందర్ కొలిచాడు, డిగ్రీలున్న రఘువీర్ టేపు పెట్టి కొలిచాడు. కుడి పక్క డోరు బార్లా తెరుచుకోవడానికి అందరం చోటు వదిలాం. ఎడమ డోరు గోడకు కొట్టుకుంటుందని ఒక్కడికీ తట్టలేదు. నరేందర్, నేను డ్రైవర్లం, జన్మంతా కుడి పక్కనే ఎక్కి కుడి పక్కనే దిగాం. రఘువీర్‌కు స్కూటరు. ఎడమ పక్క ఎక్కే మనిషి ఒకరుంటారని కొలిచింది, ఎక్కాలనుకున్న మనిషే.

కనుక సర్వులకు తెలియజేయడమేమనగా, సదరు షెడ్డు ఇరవై అడుగుల పొడవు, పదమూడున్నర అడుగుల వెడల్పు ఉండవలెను. ఒక్క కారుకే ఉండవలెను. రెండో కారు, జీపు, జీపు మూతి, వాటి చుట్టాలు ఎవరూ లోపలికి రాకూడదు. మేస్త్రి చుక్కలున్న గీత మీదనే తవ్వవలెను. మల్లెపాదును వేరుతో సహా తీసి దక్షిణపు గోడ పక్కన నాటవలెను. ఆ పని కూలివాళ్లకు ఇవ్వకూడదు, నేనే చేయవలెను. నేను లేకపోతే రఘువీర్ చేయవలెను, పంచె కట్టుకుని.

కారు వాసంతికి ఇస్తున్నాను. మొదట బిగించవలసింది ఎడమ ముందు డోరు. ఇంజిను తర్వాత సంగతి.

8. నేను రేపు ఆపరేషన్ నుంచి తిరిగి వస్తే పైన రాసిన అంశాలన్నీ ఆగిపోతాయి. పానాలు నావే, హారన్ నాదే, బల్లి నాదే. పేరయ్య గారి నిశ్శబ్దం కూడా రద్దు. ఏడో అంశం మాత్రం ఆగదు. బతికున్నవాడి వీలునామా అమలు కాదని సుప్రజ అంటోంది. ఇది అవుతుంది, నేనే అమలు చేస్తాను. కారు లేచిన రోజు వాసంతిని ముందర సీట్లో, నా ఎడమ పక్కన కూర్చోబెట్టుకుని, తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి రావాలి. దారిలో మా స్టాఫ్ బస్సు ఎదురైతే హారన్ కొట్టాలి. అందుకే హారన్ రఘువీర్ తీసుకుపోకుండా చూడవలెను.

షెడ్యూలు: వెనక స్థలం హద్దులు. తూర్పు: పేరయ్య గారి గోడ, గోడ మీద అప్పుడప్పుడు పేరయ్య గారు. పడమర: బట్టలుతికే బండ, దీన్ని ముట్టకూడదు. ఉత్తరం: వంటింటి గుమ్మం, అక్కడ నిలబడే వాసంతి. దక్షిణం: మా ప్రహరీ, ఇకపై మల్లెపాదు.

18 జూన్ 2025, బుధవారం, తార్నాక.

నా సొంత దస్తూరితో రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.
(సం.) పరుశురాం

సాక్షులు:

1. నరేందర్, డ్రైవరు, మల్కాజ్‌గిరి. పానాలు తీసుకునేవాడు సాక్షిగా ఉండొచ్చా అని సుప్రజ అడిగింది. "గా పానాలు నాయే బిడ్డా" అని చెప్పి సంతకం పెట్టాడు.

2. పేరయ్య, పక్కిల్లు. సంతకం పెట్టడం చూశాను, లోపల ఏముందో చదవలేదు. ఆదివారం వచ్చి అడుగుతాను.

అడుగున వేరే దస్తూరిలో:

మొత్తం చదివినాను. దస్తూరి బాగలేదు. సీటు కవర్లు ఎప్పుడో కుట్టించి పెట్టినాను, నీలం రంగువి. బీరువాలో ఉండాయి. రేపు పోయి, తొందరగా ఇంటికి రండి. మల్లెపాదు మీరే తియ్యాల.
వాసంతి