పైతట్టున పోసిన ఇసుక

రేవు ఉత్తరపు పల్లె, 2 మార్చి 1936

ప్రియమైన పెద్దక్కకు తమ్ముడు లేవి వందనాలు.

రేవుకు రాతిగోడ కట్టినప్పటి నుంచి సముద్రం మా ఒడ్డును తింటోంది అక్కా. క్రిస్మసుకు మా గడప నుంచి నీటికి నలభై అంగలు. నిన్న కొలిస్తే ఇరవై రెండు. ఇక్కడ ఒడ్డుకు ఇసుక లేదు. రేవు నోట్లో పూడిన ఇసుకను మాత్రం మా పూడిక ఓడ రోజంతా తోడి నడిసముద్రంలో పారబోస్తుంది. ఆ పనికి జీతం తీసుకునేది నేనే. జీవమ్మకు ఏడో నెల.

నీ తమ్ముడు,
లేవి

కోవెలకుంట్ల తాలూకా, 9 మార్చి

ప్రియమైన లేవీ, ప్రభువు నీ గడపను కాయుగాక.

జీవమ్మను ఇక్కడికి పంపు.

కుందూలో పారుదల సన్నబడింది. నీళ్ళకు ఏటి ఇసుకలో చెలమ తవ్వాలి. ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు చెలమ తవ్వి, ఇసుకను నీళ్ళు వచ్చే పైతట్టున కుప్ప పోసేవాడివి. తెల్లారేసరికి ఆ కుప్పంతా చెలమలోకే వచ్చి పూడిపోయేది. దానికి నా చేత దెబ్బలు తిన్నావు. మీ సముద్రం ఇసుకను ఎటు నుంచి ఎటు మోస్తుందో చూశావా? పైతట్టున పోసిన ఇసుక చెలమను పూడ్చినట్టే, కోసుకుపోయిన ఒడ్డును కూడా పూడ్చవచ్చు.

ప్రార్థనలో మరవని
పెద్దక్క జ్ఞానమణి

రేవు, 6 ఏప్రిల్

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి ఎండు కొబ్బరికాయలు అలల్లో వదిలి చూశాను. అన్నీ దక్షిణం నుంచి ఉత్తరానికే పోయాయి. ఇసుకదీ అదే దారి. రేవుగోడ దాన్ని అవతలే ఆపేస్తోంది. ఇంజనీరు దొరకు చెప్పాను. మా మేస్త్రీ పుల్లయ్య కడప మనిషే, అయినా ఊరుకున్నాడా! "ఏమప్పా లేవీ, తాగనీకి నీళ్ళు లేని సీమలో పుట్టి సముద్రానికే దారి చూపిస్తాండావే!" అని అందరి ముందర నవ్వాడు. దొర నవ్వలేదు. ఇరవై రోజుల పాటు తోడే ఇసుకను గొట్టంతో ఒడ్డునే పోయిస్తానన్నాడు. ఎక్కడ పోయాలో పదిహేనో తేదీకి నన్నే వెదురు పాతి చూపమన్నాడు.

పల్లెకు దక్షిణపు కొన పైతట్టు. అక్కడ నలభై ఇళ్ళు, చర్చి ఉన్నాయి. మా ఇల్లు ఉత్తరపు కొనన. మాకు ఇక పదకొండు అంగలే మిగిలాయి. పైతట్టున పోస్తే ఆ ఇసుక మా దాకా వచ్చేలోపల తుపాను రావచ్చు. మా గడప ముందరే పోయించుకోనా? జీవమ్మ కదలనంటోంది. "నేను పోతే నువ్వు ఒక్కడివే సముద్రంతో జగడానికి దిగుతావు. ఈడనే ఉంటా" అంటోంది.

నువ్వే చెప్పు.

లేవి

14 ఏప్రిల్

ప్రియమైన తమ్ముడూ,

ఉత్తరం అందిన రోజే రాయలేకపోయాను. నాలుగు రోజులు మోకాళ్ళ మీద ఉన్నాను.

పైతట్టునే పాతు. నలభై ఇళ్ళు.

ఇక్కడ నీడన కూర్చుని నీ ఇల్లు సముద్రానికి ఇస్తున్నాను.

జ్ఞానమణి

20 మే

ప్రియమైన లేవీ,

అయిదు వారాలైంది. జవాబు లేదు.

డోన్ నుంచి వచ్చిన ఏసన్న, తీరాన తుపాను కొట్టిందని రైల్లో విన్నాడట. చర్చి బయట పొరుగింటి గంగక్క ఆపి, "మీ మరదలు నీళ్ళాడిందా మే?" అని కాన్పు సంగతి అడిగింది. నా మాటే మీ మీదికి నీళ్ళు తెచ్చిందా?

తిట్టయినా సరే, ఒక్క ముక్క రాయి.

అక్క

28 మే

ప్రియమైన అక్కకు, బతికి ఉన్న ముగ్గురి వందనాలు.

ముగ్గురమే. ఆడపిల్ల.

ఇల్లు పోయింది. అది నీ మాట వల్ల కాదు. నీ జవాబు రాకముందే, పదిహేనో తేదీన, వెదురు మా గడప ముందర పాతాను. మూడు రోజులు పోశారు. ఛాతీ ఎత్తు కుప్ప. "ఇంటికి కోట కట్టుకున్నావు పో" అన్నాడు పుల్లయ్య. నాలుగో పొద్దున కుప్ప లేదు. మమ్మల్ని దాటి, మనిషన్నవాడు లేని ఒడ్డుకు కొట్టుకుపోయింది. జీవమ్మ గడపలో నిలబడి, "ఊరి ఇసుక మనకొక్కరికే నిలుస్తాదా?" అనింది. వెదురు పీకి, భుజాన వేసుకుని పైతట్టుకు నడిచాను. నీ ఉత్తరం ఆ మరునాడు వచ్చింది. సిగ్గుతో జవాబు రాయలేదు. తరువాత తుపాను వచ్చింది.

ఆ రోజు నొప్పులు పడుతున్న జీవమ్మను పైతట్టు వాళ్ళే చర్చిలోకి మోసుకుపోయారు. పదిహేడు రోజులు పోసిన ఇసుక అలలకు సగం కరిగింది, సగం నిలబడింది. నీళ్ళు చర్చి మెట్టు దాకా వచ్చి ఆగాయి. పిల్ల లోపలే పుట్టింది. మా ఇల్లున్న చోటికి ఇప్పుడిప్పుడే ఇసుక వచ్చి చేరుతోంది. నేను పోగొట్టిన ఆ మూడు రోజుల ఇసుక కూడా పైతట్టున పడి ఉంటే ఏమయ్యేదో, ప్రభువుకే తెలుసు.

నీ మాట వినని తమ్ముడు,
లేవి

5 జూన్

ప్రియమైన లేవీ,

స్తోత్రం.

సోమవారం డోన్‌లో రైలెక్కుతాను. పిల్లకు నీళ్ళు పోయడం జీవమ్మకు ఒక్కతెకు కష్టం.

ఒక మాట అక్కడికి వచ్చి చెప్పలేను, అందుకే రాస్తున్నాను. మీ కబురు లేని రోజుల్లో చెలమ తవ్వాను. మరునాడు పోతే పూడిపోయి ఉంది. ఇసుక పోసింది పైతట్టున. పోసింది నేనే. నిన్ను కొట్టింది ఈ చెయ్యే.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. మళ్ళీ తవ్వాను.

మీ పెద్దక్క,
జ్ఞానమణి